బానెట్ మీద విశ్వకర్మ

విశ్వకర్మ పూజ నాడు పొద్దున్నే లేచి తలస్నానం చెయ్యాలి. బండి తాళం తిప్పి ఇంజను చప్పుడు భార్యకు వినిపించాలి. ఆ తరువాత వెనక సీట్లో ఆమె పక్కన కూర్చుని ప్రేమ్ బజార్ దాకా అలా వెళ్లి రావాలి. జగ్గారావు వేసుకున్న పథకం ఇంతే. రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగమంతా వ్యాగన్లు బాగుచేసి రిటైరైన మనిషి అంతకంటే పెద్ద కోరికలు పెట్టుకోడు. పెట్టుకునే ఓపిక కూడా అతనికి లేదు.

బండి పాత ఫియట్. రిటైర్డు గార్డు సిరిల్ తాల్‌బగీచాలో ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతూ, "తోసుకుపోగలిగితే నీదే జగ్గూ" అని దాన్ని వదిలేసి వెళ్లాడు. జగ్గారావు తోసుకొచ్చాడు. అప్పటినుంచి అది అతని వాకిట్లో, వెదురుకర్రలకు కట్టిన నీలం టార్పాలిన్ కింద కాపురం ఉంటోంది. అంతకుముందు ఆ చోటు సింహాచలమ్మది. బట్టలు ఆరేసేదీ, అప్పడాలు ఎండబెట్టేదీ అక్కడే. ఇప్పుడు బట్టలు వంటింట్లో ఆరుతున్నాయి. పులుసులో సబ్బు వాసన వస్తోందని అనే ధైర్యం జగ్గారావుకు లేదు.

"దీని పుట్టిల్లు ఇటలీ, తెలుసునా?" అన్నాడు మొదటిరోజు, గొప్పగా.

"అయితే పుట్టింటికి పంపించీయి," అంది సింహాచలమ్మ.

కొత్త సామాను కొనే స్తోమత పింఛనుకు లేదు కాబట్టి బండికి కావలసినవన్నీ ఇంట్లోంచే వెళ్లాయి. పాత పరుపులోని దూది సీట్లలోకి వెళ్లింది. ముందుగది కర్టెన్లు సీట్ల మీదికి వెళ్లాయి. వాషింగ్ మెషీను నీళ్ల గొట్టం రేడియేటరుకు అతికినట్టు సరిపోయింది. రంగుల కొట్లో చవగ్గా దొరికింది వ్యాగన్లకు వేసే ఎర్రమట్టి రంగు ఒక్కటే, అదే వేశాడు. వేశాక చెయ్యి ఊరుకోక, వ్యాగన్ మీద రాసినట్టే వెనక డోరు మీద తెల్లటి అక్షరాలతో ఖాళీ బరువు, ఓవర్‌హాల్ అయిన తేదీ, మళ్లీ షాపుకు రావలసిన తేదీ కూడా రాసేశాడు. వీధిన పోయేవాళ్లు ఆగి చదివి, నవ్వాలో మెచ్చుకోవాలో తెలియక, తలాడించి పోయేవారు.

గొట్టం సంగతి బయటపడిన రోజున సింహాచలమ్మ గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచనప్పుడే జగ్గారావుకు భయం.

"ఇదిగో, సెప్తన్నాను ఇను. ఇశ్వకర్మ పూజ నాటికి అది నడిస్తే ఉంటాది. నడవలేదా, మర్నాడు పాత ఇనుము కొనే కబాడీవోడొచ్చి పట్టుకుపోతాడు. నానతనికి మాట కూడా ఇచ్చీసినాను."

ఆమె మాట ఇచ్చిందంటే ఇచ్చినట్టే. జగ్గారావు బాగుచేసిన వ్యాగన్లు బొగ్గో గోధుమలో ఎత్తుకుని దేశమంతా తిరిగాయి. వాటిలో ఏ ఒక్కటీ తిరిగొచ్చి బాగున్నానని చెప్పలేదు. ఈ ఒక్క బండైనా తన చేత్తో బతికి, తన కళ్లముందు కదిలి, తన మనిషిని ఎక్కించుకుని వెళితే చాలని అతని ఆశ. దాన్ని ముక్కలుగా కోసి తూకానికి వేస్తారంటే రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. నడుం పట్టేసినా, మోకాళ్లు మొరాయించినా పనిచేశాడు. పూజ ముందురోజు సాయంత్రానికి అంతా సిద్ధం. బేటరీ ఒక్కటి ఇంట్లో చార్జింగుకు పెట్టి, టార్పాలిన్ చుట్టూ రంగు బల్బుల తోరణం కూడా కట్టి పడుకున్నాడు. మొదటిసారి బండి స్టార్టయ్యేటప్పుడు ఆ మాత్రం వెలుగుండాలని అతనికి అనిపించింది.

తెల్లారి స్నానం చేసి వచ్చి చూస్తే బేటరీ లేదు. పనిముట్ల పెట్టె కూడా లేదు.

"సింహాచలం, బేటరీ ఏది?"

"దేముడికాడ," అంది ఆమె వంటింట్లోంచి.

దేవుడి పటం ముందు ఎర్రగుడ్డ పరిచి ఉంది. దానిమీద స్పానర్లు, సుత్తి, జాకీ అన్నీ కడిగి, తుడిచి, బొట్లు పెట్టి వరసగా పేర్చి ఉన్నాయి. మధ్యలో బేటరీ. దాని రెండు టెర్మినళ్లకూ పసుపు దట్టంగా పూసి కుంకం అద్దింది. మెడలో బంతిపూల దండ కూడా వేసింది. బేటరీకి మెడ ఎక్కడుంటుందో ఆమెకే తెలియాలి.

"ఇలగ పెట్టీసినావేటి? ఈయేల బండి స్టార్టు చెయ్యాల కదా."

"ఈయేల పనిముట్టు ముట్టుకుంటారేటి? ఏటేటా నువ్వే కదా సెప్పీది. ఉజ్జోగమున్నన్నాళ్లూ ఈ రోజు సుత్తి ముట్టినావా? నీకు మంచిదవుతాదని పొద్దున్నే లేచి కడిగి పెట్టినాను."

జగ్గారావు బేటరీ వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వర్క్‌షాపు వాళ్ల ఇళ్లలో అది పెద్ద నియమం. ఈ రోజున మెషీన్లకూ పనిముట్లకూ సెలవు. పూజలో పెట్టినవాటిని మర్నాడు పొద్దున ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు. కదిపినవాడి వేలు ఆ ఏడాది ఏదో ఒక మెషీనులో పడుతుందని చిన్నప్పుడు తండ్రి చెప్పాడు, అతను భార్యకు చెప్పాడు. ఇప్పుడు కాదంటే ఎలా?

"మరి కబాడీవోడో?"

"ఆడు రేపొస్తాడు. ఆడికి మాటిచ్చినాను కదా," అంది. ఆమె మొహంలో వెటకారమేమీ లేదు. అదే అతనికి మరీ నీరసం తెప్పించింది. అరుగు మీద కూలబడి, కాళ్లు చాపుకుని, మబ్బు పట్టిన ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాడు.

మబ్బు చూస్తుండగానే వానయింది. వీధి చివర క్లబ్బు మైదానం చెరువైంది. కాసేపటికి రిక్షా బండి మీద విశ్వకర్మ విగ్రహాన్ని ఎక్కించుకుని, గొడుగులు పట్టుకుని, క్లబ్బు కార్యదర్శి తపన్ మనుషులతో సహా గేటు ముందుకు వచ్చాడు. తపన్ బెంగాలీ, అయినా తెలుగు ఇళ్ల మధ్యే పుట్టి పెరిగినవాడు. తెలుగు బాగానే మాట్లాడతాడు. అవతలివాళ్ల తెలుగు మాత్రం పూర్తిగా వినడు.

"అరే జగ్గుదా, నువ్వు పూజ పండాల్ వేశావని చెప్పనే లేదు," అన్నాడు టార్పాలిన్నూ బల్బులనూ చూస్తూ.

"పండాల్ కాదు దాదా, అది బండికి—"

"మైదాన్‌లో మోకాలి లోతు నీళ్లు. ఠాకూర్ తడిసిపోతున్నాడు. బౌదీ, మీరు చెప్పండి," అన్నాడు సింహాచలమ్మ వైపు తిరిగి.

"దేముణ్ణి వానలో నిలబెడతామేటి? లోపలికి తీసుకురండి," అంది సింహాచలమ్మ.

తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందంటారు. ఇక్కడ దైవం తలచి ఊరుకోలేదు, స్వయంగా వచ్చి బానెట్ మీద కూర్చుంది. టార్పాలిన్ కింద అంతకంటే ఎత్తైన చోటు లేకపోయింది. బానెట్ మీద చెక్క వేసి, చెక్క మీద విగ్రహాన్నీ, పక్కన ఆయన వాహనం ఏనుగునూ నిలబెట్టారు. పూజారి చటర్జీ గారు వచ్చి, కలశం పెట్టి, మంత్రం చదివి ప్రాణప్రతిష్ఠ చేశాక, "రేపటి విసర్జన దాకా దీన్ని అంగుళం కూడా కదపకూడదు" అన్నాడు. కదిలే ఉద్దేశం బండికీ లేదని జగ్గారావు చెప్పబోయి ఊరుకున్నాడు.

వాన వెలిసేసరికి జనం మొదలయ్యారు. ఆ ఊళ్లో పండాల్ అంటే దానికొక థీమ్ ఉండాలి. వచ్చినవాళ్లు ఎర్రమట్టి రంగు చూశారు, డోరు మీద ఖాళీ బరువూ ఓవర్‌హాల్ తేదీలూ చదివారు. ఈసారి తాల్‌బగీచా వాళ్ల థీమ్ గూడ్సు బండి అని తేల్చేశారు. కబురు సుభాష్‌పల్లి దాకా పాకింది. అక్కడి క్లబ్బు వాళ్లు కూడా వచ్చి, చుట్టూ తిరిగి, అసూయ దాచుకోలేక, లోపల కర్టెన్ గుడ్డతో సీట్లు కుట్టడం అసలు పాత కాలపు రైల్వే దొరల సెలూన్ పెట్టెలాగే ఉందన్నారు. తపన్ చేతులు కట్టుకుని, ఆలోచన తనదేనన్నట్టు నవ్వాడు. జగ్గారావు ప్రసాదం కిచిడీ గుండిగ పక్కన నిలబడి విస్తళ్లు అందించాడు. తన బండిని దగ్గరగా చూడాలన్నా క్యూలో నిలబడవలసి వచ్చింది.

చీకటి పడే వేళకు కబాడీవాడు కూడా వచ్చాడు. సరుకు ఒకసారి చూసుకుందామని వచ్చి, బానెట్ మీద దేవుణ్ణి చూసి చెప్పులు విడిచాడు, దండం పెట్టాడు, పంక్తిలో కూర్చుని కిచిడీ తిన్నాడు.

"మాతాజీ, భగవాన్ కూర్చున్న బండిని నేనెలా కోస్తాను? పాపం తగులుతుంది," అన్నాడు చేతులు కడుక్కుంటూ.

జగ్గారావుకు ప్రాణం లేచి వచ్చింది.

"భగవాను రేపు పొద్దుటే దిగిపోతాడు. నువ్వు లారీ తెచ్చుకో," అంది సింహాచలమ్మ.

మర్నాడు ఉద్వాసన అయింది. లారీ వచ్చింది. అయితే వచ్చింది కబాడీవాడి లారీ. విగ్రహాన్ని నదికి తీసుకువెళ్లడానికి క్లబ్బు మాట్లాడుకున్న బండి మాత్రం రాలేదు. ఆ రోజు ఊళ్లో ప్రతి షాపు విగ్రహమూ ఏదో ఒక బండి ఎక్కుతోంది. రిక్షా బండికి నిన్నటి బురదలోనే చక్రం వంగిపోయింది. కబాడీ లారీ అడుగుదామంటే, తుక్కు మోసే లారీలో దేవుణ్ణి ఎక్కించనని చటర్జీ గారు పట్టుబట్టాడు. తపన్ చూపు చుట్టూ తిరిగి ఫియట్ మీద ఆగింది.

"జగ్గుదా, దీని మీద కూర్చున్నవాడు దీంట్లోనే వెళ్తాడు. ఇది నడుస్తుందా?"

జగ్గారావు భార్య వైపు చూశాడు.

"నడిస్తే ఉంటాది. లేదా, లారీ ఎలాగూ వచ్చి ఉన్నాది," అంది ఆమె.

జగ్గారావు బేటరీకి దండం పెట్టి, దండ తీసి, బండిలో బిగించాడు. తాళం తిప్పాడు. ఏమీ కాలేదు. టెర్మినళ్ల మీది పసుపు గట్టిపడి పెచ్చు కట్టింది. గీకి, తుడిచి, మళ్లీ తిప్పాడు. ఇంజను ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. ఇంకోసారి తిప్పితే ఉన్న చార్జీ కూడా పోతుందని అతనికి తెలుసు.

"తోస్తే ఇంజను అందుకుంటాది," అన్నాడు, కొంత నమ్మకంతో, కొంత ప్రార్థనతో.

తోసేవాళ్లకు కొదవ లేదు. ముందుగా విగ్రహాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టారు. మట్టి విగ్రహం కుదుపుకు పడిపోకుండా ఎవరైనా పట్టుకోవాలి. తడి బట్టతో ఉన్న మనిషి, ఉపవాసమున్న మనిషి సింహాచలమ్మ ఒక్కతే. ఆమె దేవుడి నడుం చుట్టూ చెయ్యి వేసి కూర్చుంది. ఏనుగు ముందు సీట్లోకి వెళ్లింది. దాని తొండం కిటికీలోంచి బయటికి వచ్చింది. జగ్గారావు వెనక్కి వెళ్లి డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"నువ్వు అక్కడెందుకు జగ్గుదా? తోసేవాళ్లం ఉన్నాం కదా, నువ్వెళ్లి నడుపు," అన్నాడు తపన్.

జగ్గారావు కదలలేదు. అందరూ అతనివైపు చూశారు. కిటికీలోంచి సింహాచలమ్మ కూడా తల బయటపెట్టి చూసింది.

"అదేటి, నీకు నడపడం రాదా?"

"నానెందుకు నడుపుతాను? నాను ఫిట్టర్ని," అన్నాడు జగ్గారావు.

అతను అబద్ధమాడలేదు. వర్క్‌షాపులో విప్పేవాడు విప్పుతాడు, బిగించేవాడు బిగిస్తాడు, పరీక్ష చేసేవాడు చేస్తాడు. బయటికి లాక్కెళ్లేది ఇంజను డ్రైవరు. ఒకరి పనిలో ఇంకొకరు చెయ్యి పెడితే యూనియన్ ఊరుకోదు. ఆ క్రమశిక్షణలోనే అతను బండిని ఇంత చేశాడు. భార్య పక్కన వెనక సీట్లో కూర్చున్నట్టు ఎన్నిసార్లు ఊహించుకున్నా, ముందు సీట్లో ఎవరున్నారో ఒక్కసారి కూడా చూడలేదు.

"ఇన్నాళ్లూ రెంచీ పట్టుకొని దాని కిందే పడుకున్నావు. అది నేర్చుకోడానికి నీకు తీరిక లేకపోయిందా?" అంది సింహాచలమ్మ, కోపంగా కాదు, అలసటగా.

చటర్జీ గారు గొంతు సవరించుకున్నాడు. పూజలు లేని రోజుల్లో ఆయన స్టేషన్ నుంచి కిరాయి కారు నడుపుతాడట. పంచె ఎగగట్టి, ఏనుగును కాస్త పక్కకు జరిపి, స్టీరింగు ముందు కూర్చున్నాడు. తపన్ ఎదురు డోరు పట్టుకుని వేలాడాడు. జగ్గారావు, క్లబ్బు కుర్రాళ్లు, వాళ్లతోపాటు కబాడీవాడు కూడా భుజం ఆనించి తోశారు. బండి కదిలింది, గునిసింది, రెండుసార్లు దగ్గింది. నల్లటి పొగ జగ్గారావు మొహాన కొట్టి ఇంజను అందుకుంది.

"ఆపకండి, ఆపితే మళ్లీ పట్టదు," అని అరిచాడు జగ్గారావు.

చటర్జీ గారు ఆపలేదు. బండి మలుపు తిరిగింది. కుర్రాళ్లు జయధ్వానాలు చేస్తూ సైకిళ్ల మీద వెంట వెళ్లిపోయారు. వీధి మధ్య జగ్గారావు, కబాడీవాడు మిగిలారు. ఇంజను చప్పుడు చాలాసేపు వినబడింది. ఎక్కడా తప్పటడుగు లేదు. అంత సంతోషం జగ్గారావు ఉద్యోగంలో ఎన్నడూ ఎరగడు. అంత ఉక్రోషం కూడా ఎరగడు. ఆ రెండిటిలో దేనికి కన్నీళ్లు వస్తున్నాయో తెలియక భుజం మీది తువ్వాలుతో మసి తుడుచుకున్నాడు.

"చలీ గయీ, వెళ్లిపోయింది," అన్నాడు కబాడీవాడు, తన ఖాళీ లారీకి ఆనుకుని బీడీ ముట్టిస్తూ.

ఎండ నెత్తికెక్కే వేళకు బండి తిరిగి వచ్చింది. నదికి వెళ్లిందట. వచ్చేటప్పుడు ఇంజను ఆపే వీలు లేక, సింహాచలమ్మ సరదాపడితే, సుభాష్‌పల్లిలో ఆమె అక్క ఇంటి ముందు నుంచి కూడా ఒక చుట్టు తిరిగిందట. ఆమె దిగి, రేగిన జుట్టు సవరించుకుని, నేరుగా కబాడీవాడి దగ్గరికి వెళ్లింది.

"నువ్వు ఎల్లిపో బాబూ. మాకు బండి కావాల," అంది. ఇచ్చిన మాట ఆమె వెనక్కి తీసుకోవడం జగ్గారావు చూడ్డం అదే మొదలు.

తరువాత ఇంట్లోకి వెళుతూ గుమ్మంలో ఆగి భర్త వైపు తిరిగింది.

"బాగానే నడుస్తన్నాది. ఖాళీ సూసుకొని ఎప్పుడైనా నువ్వూ ఓసారి ఎక్కి సూడు."