చిరునామా చెప్పకూడదు

తాగుడు మానాలనుకునే వారి కోసం మన పట్నంలోనే ఒక సహాయక బృందాన్ని నెలకొల్పామని మంత్రిగారు ప్రకటించిన సభలో నేనూ ఉన్నాను. "అక్కడ పేరు అడగం, ఫొటో తియ్యం. ఒకరి బాధ ఒకరు చెప్పుకుని ధైర్యం తెచ్చుకుంటారు. అంతా గోప్యం" అంటుంటే ఆయన గొంతు పూడుకుపోయింది. అది సర్దుకునే దాకా మేం చప్పట్లు కొడుతూనే ఉన్నాం.

ఆ సభ నుంచి నేను నేరుగా మా బావ దగ్గరికి వెళ్లాను. బావ కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. పనిలో ఆయన్ని తలదన్నేవాడు లేడు. కాకపోతే తాగి తాగి చేతులు వణుకుతుంటే సూదిలోకి దారం ఎక్కడం లేదు. మా అక్కే ఎక్కించి పెడుతుంది. మొన్న అలా ఎక్కించి, "ఇక మానకపోతే పిల్లని తీసుకుని వెళ్లిపోతా" అంది. అక్క అరిస్తే బావ లెక్కచెయ్యడు. ఈ మాట మాత్రం నెమ్మదిగా అంది. ఆ రోజు నుంచి ఆయన సీసా ముట్టలేదు.

"ఒక్కణ్ణే అయితే నావల్ల కాదు బామ్మర్దీ," అన్నాడు బావ. "సాయంత్రమైతే కాళ్లు వాటంతటవే అటు నడుస్తాయి. నాలాంటి వాళ్ల మధ్య కూర్చుంటే ఆగుతానేమో. ఆ బృందం ఎక్కడో కనుక్కో."

ఇద్దరం ఆ పథకం చూసే అధికారి గదికి వెళ్లాం.

"బృందం ఎక్కడ కూర్చుంటుందండీ?" అన్నాను.

ఆయన లేచి తలుపు మూసి వచ్చాడు. "చెప్పకూడదు. గోప్యం."

"గోప్యం పేర్లు కదండీ?"

"పేర్లు దాచి చిరునామా చెబితే ఏం లాభమయ్యా? ఎవరైనా వెళ్లి ముఖాలు చూసెయ్యరూ? అందుకే బోర్డు కూడా పెట్టలేదు. నాక్కూడా తెలియకుండా జాగ్రత్తపడ్డాను."

"మరి చేరడం ఎలా?"

"మీటింగుకి వచ్చి చేరడమే."

"ఎక్కడికి రావాలి?"

"మళ్లీ మొదటికొచ్చారు," అన్నాడు బాధగా. తర్వాత మమ్మల్ని ఓదారుస్తూ, "ఇప్పటిదాకా మన బృందంలో చేరి మళ్లీ తాగినవాడు ఒక్కడు కూడా లేడు. హండ్రెడ్ పర్సెంట్ సక్సెస్" అన్నాడు. ఉద్యోగానికి ఇంతగా కట్టుబడ్డ మనిషిని నేనెక్కడా చూడలేదు.

బయట వరండాలో మంత్రిగారి పార్టీ కార్యకర్త కనిపించాడు. అతన్ని అందరూ జిందాబాద్ అనే పిలుస్తారు. "ఇంత చిన్న పనికి ఆఫీసు దాకా ఎందుకు అన్నా? నా వెంట రండి" అని వీధులన్నీ తిప్పి మమ్మల్ని బ్రాందీషాపు ముందు నిలబెట్టాడు.

"ఇక్కడికెందుకు?" అన్నాను.

"తాగుడు మానాలనుకునేవాళ్లు ఇంకెక్కడుంటారు? లోపల ఎవర్నైనా అడుగు, రేపట్నుంచి మానేస్తాననే అంటాడు."

బావ షాపు లోపలికే చూస్తున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. చెమటతో తడిసిపోయి ఉంది. ఆ క్షణంలో నాకు జిందాబాద్ మీద పట్టరాని కోపం వచ్చింది, కాని మంత్రిగారి మనిషి కనుక నమస్కారం పెట్టి బావను లాక్కొచ్చాను.

ఇంటికి పోలేక మళ్లీ ఆఫీసు మెట్ల మీదే కూలబడ్డాం. అక్కడ అప్పటికే కొందరున్నారు. రిటైరైన హెడ్మాస్టరు, బస్సు కండక్టరు, ఒక వంటమాస్టరు. వాళ్లదీ అదే వెతుకులాట. అధికారి ఏ రోజైనా నోరు జారతాడేమోనని రోజూ వచ్చి కూర్చుంటున్నారట. కూర్చున్నాక ఊరుకోలేరు కదా, ఒకరి గోడు ఒకరికి చెప్పుకునేవారు. బావ కూడా చెప్పడం మొదలుపెట్టాడు. అలా సాయంత్రాలు గడిచిపోసాగాయి. ఒకరోజు బావ సూదిలోకి దారం తనే ఎక్కించుకున్నాడు. అక్క చూసి వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది. నా జన్మలో అంత సంతోషపడ్డ రోజు లేదు.

ఈ సంగతి జిందాబాద్ మంత్రిగారి చెవిన వేశాడు. తన బృందం దొరికిందని ఆయన ఉప్పొంగిపోయారు. సాయంత్రానికల్లా ఫొటోగ్రాఫర్లతో వచ్చి, మెట్లకు అడ్డంగా రిబ్బను కట్టించి కత్తిరించారు. అందరినీ పేరుపేరునా కౌగిలించుకున్నారు. తెల్లారేసరికి సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. "తాగుడు మానుతున్న మన రత్నాలు" అని పైన. కింద మంత్రిగారి నవ్వు, దాని చుట్టూ గుమ్మడికాయంత తలకాయలతో హెడ్మాస్టరు, కండక్టరు, వంటమాస్టరు, బావ. పేర్లు మాత్రం వెయ్యలేదు. గోప్యత విషయంలో మంత్రిగారు రాజీపడరు.

ఆ రోజే ఇద్దరు టైలర్లు వచ్చి బావ దగ్గరున్న తమ మిషన్లు, బాగుచెయ్యకుండానే, తీసుకుపోయారు. సాయంత్రం మెట్లు ఖాళీగా ఉన్నాయి. కత్తిరించిన రిబ్బను ముక్క ఒకటి కింద పడి ఉంది. బావ ఇంకా ఇంటికి రాలేదని అక్క నన్ను వెతకమంది.

ఎక్కువసేపు వెతకనక్కర్లేకపోయింది. బ్రాందీషాపు లోపలి గదిలో, మెట్ల మీద కూర్చున్న వరసలోనే అందరూ కూర్చుని ఉన్నారు. కండక్టరు కాస్త జరిగి నాకు చోటిచ్చాడు.

"ఇక్కడ పేరు అడగరు బామ్మర్దీ," అన్నాడు బావ. "ఫొటో తియ్యరు."

గ్లాసు పట్టుకున్న చెయ్యి వణకడం లేదు. నేను లేచి బయల్దేరుతుంటే మళ్లీ పిలిచాడు.

"మీ అక్క అడిగితే చిరునామా చెప్పకు."