అల్లుడింట్లో రెయిడ్

ఆదివారం పొద్దున్నే లెక్కల మాస్టారు కంప్యూటరు డొక్క విప్పి కూర్చున్నాడు. ఆయన భార్య పసిపిల్లల ఫోటోలు తీస్తుంది. బుట్టల్లో, దుప్పట్లలో, నాన్నల భుజాల మీద ఆదమరిచి నిద్రపోయే పిల్లలు. ఏళ్ళ తరబడి తీసినవన్నీ ఒకే ఒక్క పాత హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఈమధ్య అది నూనె లేని తలుపులా కిర్రుమంటోంది. అందుకని మాస్టారు రెండు కొత్త డిస్కులు కొన్నాడు. వాటిని జోడు కట్టేస్తే ఒకదాంట్లో పడిందల్లా రెండోదాంట్లోనూ పడుతుంది. ఒకటి చచ్చినా ఇంకోటి బతికుంటుంది. ఈ జోడు కట్టే పనిని కంప్యూటరు వాళ్ళు రెయిడ్ అంటారు.

అత్తగారికి మాత్రం రెయిడ్ అంటే టీవీలో చూపించేదే. హాల్లో కూర్చుని బఠాణీలు ఒలుస్తుంటే, గదిలోంచి అల్లుడి ఫోను మాటలు ఆవిడ చెవిన పడ్డాయి.

"ఆఁ, రెయిడ్ ఇవాళే. మా ఇంట్లోనే. మా ఆవిడకి చెప్పలేదు, కంగారు పడుతుంది. పాత డిస్కులో ఉన్నదంతా సాయంత్రంలోగా సర్దేయాలి."

బఠాణీలు ఒళ్ళోంచి జారి సోఫా కిందికి దొర్లాయి. నోట్లో వేలు పెట్టినా కొరకలేడనుకున్న మనిషి ఎంత పని చేశాడు! ఏం చేశాడో తర్వాత అడగొచ్చు, ముందు కూతురి కాపురం గట్టెక్కాలి. ఆవిడ చేతి గాజులు తీసి పిండి డబ్బాలో దోపి, కొడుక్కి ఫోను చేసింది.

కొడుకుది పరుపుల దుకాణం. "మావాడు షాపులో క్షణం నడుం వాల్చి ఎరగడు. అందరికీ మేష్టర్లలా సెలవులు దొరుకుతాయా ఏమిటి?" అని అల్లుడికి వినబడేలా అనడం ఆవిడకు అలవాటు.

"ఒరేయ్, బావ మీదికి రెయిడొస్తోంది! గుట్టంతా టేబుల్ మీదున్న పాత డిస్కులో ఉందిట. అలాంటిదే ఇంకోటి పట్రా."

"ఇంకోటెందుకమ్మా?"

"చోటు ఖాళీగా ఉంటే అనుమానం రాదూ? వచ్చినవాళ్ళకి ఏదో ఒకటి దొరకాలి."

కొడుకు చేతికందిన డిస్కు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. అది షాపు కెమెరా రికార్డింగులు దాచేది. మాస్టారు కేబుల్ కోసం బజారుకి వెళ్ళగానే మార్పిడి జరిగిపోయింది. అసలు డిస్కు పాత చీరలో చుట్టుకుని పెద్ద కుక్కర్లోకి దిగింది. ఏమవుతుందోనని కొడుకు కూడా అక్కడే ఉండిపోయాడు.

అంతలో కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో చేతిలో యంత్రంతో ఒకతను.

"కరెంటు మీటరు ఎక్కడండీ?"

"మా ఇంట్లో కంప్యూటరే లేదు నాయనా!" అంటూ ఆవిడ తలుపు వేసేసింది.

మధ్యాహ్నం అల్లుడికి కొసరి కొసరి వడ్డించింది. రేపట్నుంచి ఎక్కడ, ఏం తింటాడో పాపం! "ఇంకాస్త వేసుకో బాబూ" అంటూ కళ్ళొత్తుకుంది. ఇన్నాళ్ళకి తన పనితనం అత్తగారికి అర్థమైందని మాస్టారు పొంగిపోయాడు. ఆ ఊపులోనే రెయిడ్ కట్టేసి, టేబుల్ మీది డిస్కులో ఉన్నదంతా అందులోకి ఎక్కించేశాడు. ఫైళ్ళకి పేర్లుగా తేదీలే ఉండటంతో ఒక్కటీ తెరిచి చూడలేదు.

పొద్దున్నే ఫోటోలు తీయడానికి వెళ్ళిన భార్య సాయంత్రం వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. మరుక్షణం కెవ్వుమంది.

"ఏమండీ, నా పిల్లలేరీ?"

అందరూ గదిలోకి పరిగెత్తారు. తెర మీద ఎవరో నిద్రపోతున్నారు గానీ, పసిబిడ్డ కాదు. మీసాలున్నాయి. షాపులోకెల్లా ఖరీదైన పరుపు మీద వెల్లకిలా, నోరు తెరిచి పడుకున్నాడు. కొనడానికి వచ్చిన దంపతులు కాసేపు నిలబడి చూసి, మెల్లగా వెళ్ళిపోయారు. ఆమె ఇంకో తేదీ తెరిచింది. ఇంకో పరుపు, అదే నోరు.

"అమ్మా, వీడు మన తమ్ముడు కదూ?"

అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. కొడుకు గుమ్మం వైపు జరిగాడు.

"పరుపు మెత్తగా ఉందో లేదో చూసుకోవాలి కదమ్మా..."

ఇక దాచి లాభం లేకపోయింది. ఆవిడ పొద్దుటి సంగతంతా చెప్పింది. రెయిడ్ అంటే ఏమిటో మాస్టారు నవ్వాపుకుంటూ వివరించాడు. కుక్కరు మూత తీశారు. పసిపిల్లలంతా డిస్కులో క్షేమంగా ఉన్నారు. కూతురు దాన్ని గుండెకి హత్తుకుంది.

"బావా, నావి తుడిచెయ్ బావా, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలాడు బావమరిది.

మాస్టారు అత్తగారి వైపు తిరిగి వినయంగా అన్నాడు: "మీరేం బెంగపడకండి అత్తయ్యగారూ. ఒక డిస్కు పాడైపోయినా, మీవాడి కష్టం రెండోదాంట్లో చెక్కుచెదరదు."