ఆ విరామం కాదండీ!

ఆ ఉదయం కార్యదర్శి పెట్టుకున్న పనులు ఎక్కువేమీ కావు. చొక్కా ఇస్త్రీ చేయించుకోవాలి, స్టేషన్‌కి వెళ్ళి అధ్యక్షురాలిని తీసుకురావాలి, సాయంత్రం హాల్లో రెండు నిమిషాల పాటు చప్పుడు లేకుండా చూడాలి. మొదటి రెండూ ఎవరైనా చేస్తారు. మూడోదాని బెంగతో ఆయనకి వారంగా కంటిమీద కునుకు లేదు.

ఆయన ఆసియా నవ్య సంగీత సమాఖ్యకి స్థానిక కార్యదర్శి. శాస్త్రీయ సంగీతమంటే పోయినవాళ్ళు రాసిపెట్టి వెళ్ళిందే కాదు, బతికున్నవాళ్ళు కూడా రాస్తారు, రాస్తే కూర్చుని వినాలి అని నమ్మే జనం దేశానికి కొద్దిమంది చొప్పున ఉన్నారు. వాళ్ళంతా కలిసి పెట్టుకున్న సంఘం అది. ఒక దేశంలో రాసిన కొత్త సంగీతాన్ని ఇంకో దేశంలో వినిపించడం వాళ్ళ పని. అందుకు ఎవరూ దండలు వెయ్యరు, పైగా ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు. అయినా మానరు. నవ్వొచ్చినా సరే, అలాంటివాళ్ళని చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఈ ఊరి శాఖ నుంచి ఇంతవరకూ ఒక్క రచన కూడా సమాఖ్య పెద్ద ఉత్సవానికి వెళ్ళలేదు. ఈసారి ఆశలన్నీ పళ్ళ డాక్టరమ్మ మీద. పగలంతా జనం నోళ్ళలోకి తొంగిచూసే ఆవిడ, క్లినిక్ మూశాక ఆరేళ్ళు కూర్చుని నాలుగు ఫిడేళ్ళకీ రెండు వేణువులకీ ఒక రచన చేసింది. నడుమ ఒకచోట వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. రెండు నిమిషాలు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి ఒక్క వేణువు మొదలవుతుంది. నిశ్శబ్దం చెడితే వేణువు వచ్చినా రానట్టే. "ఇది పూర్తిగా వినిపించకపోతే ఇంక రాయనండీ. పళ్ళు పీక్కుంటూ కూర్చుంటా," అని ఆవిడ కార్యదర్శితో తేల్చి చెప్పేసింది. అధ్యక్షురాలు మూడు దేశాల అవతలినుంచి వస్తున్నది అది వినడానికే. నచ్చితే ఉత్సవానికి తీసుకుంటారు, లేకపోతే లేదు.

సంగీతంలో అలా ఆగడాన్ని విరామం అంటారు. కార్యదర్శి నోట వారంగా ఆ మాట తప్ప ఇంకో మాట లేదు. విరామం కోసం హాల్లో గోడగడియారం దింపించాడు, తలుపు బందులకి నూనె వేయించాడు, నీళ్ళ మోటారు వెయ్యనని వాచ్‌మన్ చేత ఒట్టు వేయించుకున్నాడు.

హాల్లో లైట్లూ మైకూ చూసేది ఆయన బావమరిది. ఎలక్ట్రికల్ దుకాణం అతని వృత్తి, నలుగురి ముందూ మాట్లాడడం అతని వ్యసనం. అందరూ అతన్ని మైకు అనే పిలుస్తారు. కార్యదర్శి స్టేషన్లో ఉండగా అతను ఫోన్ చేశాడు.

"బావా, విరామం ఎంతసేపు?"

"రెండు నిమిషాలు!" రైలు హోరులో కార్యదర్శి అరిచాడు.

"రెండేనా? జనానికి చాలదు బావా."

"చాలకపోవడమేంటి? వాళ్ళకి అదే ఎక్కువ!"

"సరే, ఎప్పుడివ్వాలి?"

"వాద్యాలు ఆగిన మరుక్షణం. అందులో ఏ తేడా వచ్చినా నేను తలెత్తుకు తిరగలేను. అంతా నీ చేతుల్లోనే ఉంది." మైకులోంచి గుయ్యిమనే మోత రాకూడదని ఆయన ఉద్దేశం.

"నాకొదిలెయ్ బావా," అన్నాడు మైకు, గుండె మీద చెయ్యేసుకుని.

అటునుంచి అటే అక్కగారింటికి వెళ్ళాడు. "అక్కా, బావ విరామం మీద ప్రాణాలన్నీ పెట్టుకున్నాడు. కానీ ఉత్త రెండు నిమిషాలట. ఏం మర్యాదగా ఉంటుంది చెప్పు?"

"ఆయనకి మర్యాదలెప్పుడు తెలిశాయిరా? పరాయి దేశంనుంచి పెద్దావిడ వస్తుంటే టీ అయినా ఇవ్వకపోతే ఎలా? పావుగంట చెయ్యి. ఆ కాగితం కప్పులొద్దు, స్టీలు గ్లాసులు పెట్టించు." అంతటితో ఊరుకోక, ఆవిడ పక్కింటివాళ్ళకీ, ఆడపడుచుకీ, కుట్టుమిషన్ క్లాసులోవాళ్ళకీ కబురు పెట్టింది. సంగీతం సంగతి ఎలా ఉన్నా టీ బాగుంటుందని చెప్పింది.

సాయంత్రానికి హాలు కిటకిటలాడిపోయింది. ఎప్పుడూ మొదటి మూడు వరసలు నిండితే గొప్ప. కార్యదర్శి కళ్ళు చెమ్మగిల్లాయి. "చూశారా అమ్మా, కొత్త సంగీతమంటే మావాళ్ళు ఎలా చెవికోసుకుంటారో," అన్నాడు అధ్యక్షురాలితో. ఆవిడ అమ్మమ్మ తెలుగు మనిషట, అందుకని ఆవిడకి మన మాట బాగానే వచ్చు. "చాలా సంతోషం," అంది, వెనక్కి తిరిగి చూసి.

డాక్టరమ్మ వాద్యకారుల ముందు నిలబడి చెయ్యి ఆడించింది. ఫిడేళ్ళు గొణుక్కున్నాయి, పోట్లాడుకున్నాయి, ఒకదాన్నొకటి తరుముకున్నాయి. వేణువులు నడుమ దూరి సర్దిచెప్పబోయి తామూ పోట్లాటలో దిగాయి. కుట్టుమిషన్ క్లాసువాళ్ళు కూడా తమకి తెలియకుండానే ముందుకు వంగి వింటున్నారు. అప్పుడు డాక్టరమ్మ చెయ్యి పైకి లేచి ఆగింది. అన్నీ ఆగిపోయాయి. కమానులు గాలిలో నిలిచాయి. కార్యదర్శి ఊపిరి బిగబట్టాడు.

"ఇప్పుడు విరామం!" హాలు దద్దరిల్లింది. లైట్లన్నీ భగ్గున వెలిగాయి. "అందరికీ బయట టీ ఏర్పాటు చేశాం! తోసుకోకండి, గ్లాసులు చాలినన్ని ఉన్నాయి!"

కుర్చీలు కిర్రుమన్నాయి. జనం బిలబిలమంటూ లేచారు. కార్యదర్శి నడవలోకి ఉరికి రెండు చేతులూ చాపాడు. "కూర్చోండి! ఇది ఆ విరామం కాదండీ! విరామం!"

"ఆయనా అదేగా చెప్పాడు," అన్నాడొక పెద్దాయన, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ.

బయట గ్లాసులు గలగలలాడాయి. పిల్లల ఏడుపులూ, పలకరింపులూ మొదలయ్యాయి. కార్యదర్శి గోడకి జారగిలబడిపోయాడు. ఆరేళ్ళ పని ఆయన ఇంటివాళ్ళ వల్లే మట్టిలో కలిసింది. అధ్యక్షురాలి మొహంలోకి చూసే ధైర్యం లేక వేదిక వైపు చూశాడు. డాక్టరమ్మ చెయ్యి ఇంకా పైనే ఉంది. మొహం పాలిపోయింది, అయినా దించలేదు. ఆవిడ దించలేదు గనక వాద్యకారులూ కదలలేదు.

గుమ్మం దగ్గర గ్లాసు ఊదుకుంటున్న పెద్దాయన లోపలికి తొంగిచూశాడు. "అయిపోలేదల్లే ఉందే," అన్నాడు. పక్కావిడ చూసి నోటిమీద వేలేసుకుంది. ఆవిడ్ని చూసి ఇంకొకరు మాట మింగారు. టీ పోసేవాడు కెటిల్ మూత పడిపోకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. ఎవరూ రమ్మనకుండానే జనం తాగుతున్న గ్లాసులతో మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెనక్కి వచ్చారు. కుర్చీ చప్పుడవుతుందని కొందరు గోడవారగా నిలబడ్డారు. మైకు కూడా తన మైకు కట్టేసి, లైట్లు ఒక్కొక్కటే ఆర్పాడు.

అప్పుడు పడింది నిశ్శబ్దం. అడిగితే ఇచ్చేది కాదది, అంతమంది తమంతట తాము ఇచ్చింది. ఏమాటకామాటే చెప్పాలి, అంత అందమైనదాన్ని ఆ హాలు ఎన్నడూ విని ఉండదు. డాక్టరమ్మ రెండు నిమిషాలూ ఆగి, మెల్లగా చెయ్యి దించింది. వేణువు మొదలైంది. వెనక వరసలో ఎవరో వెక్కారు.

చప్పట్లు అయ్యాక కార్యదర్శి అధ్యక్షురాలి ఎదుట చేతులు కట్టుకు నిలబడ్డాడు. రాజీనామా మాటలు ముందే కూడబలుక్కున్నాడు. ఆవిడ ఆయన్ని దాటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"ఆ కేక వేసే ఆయన భాగం ఎంత బాగా రాశావమ్మా! అందరినీ బయటికి పంపి, మళ్ళీ వాళ్ళంతట వాళ్ళే వచ్చేలా చెయ్యడం!"

కార్యదర్శి ప్రాణం లేచొచ్చింది. ఔనంటే చాలు, ఉత్సవం ఖాయం. ఆయన ఔననడానికి నోరు తెరిచాడు కూడా.

"నేను రాయలేదండీ," అంది డాక్టరమ్మ. "అది వీరి బావమరిది పొరపాటు. నేను రాసింది ఉత్త నిశ్శబ్దమే."

కార్యదర్శి నోరు మూసుకున్నాడు. సిగ్గుతో పాటు ఆవిడ మీద చెప్పలేనంత గౌరవం కలిగింది.

"మరి జనం అంతా పోతుంటే చెయ్యెందుకు దించలేదు?"

"దించితే అయిపోయినట్టే కదండీ. దించబుద్ధి కాలేదు."

అధ్యక్షురాలు నొప్పెట్టిన ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. "రాయలేదా? అయితే రాసెయ్యి."

"రాస్తాను. కానీ నా రెండు నిమిషాలు నాకుండాలి."

"అది ఎవరూ ముట్టుకోరు. వాళ్ళు తిరిగొచ్చాకే మొదలవుతుంది."

అలా మన ఊరి రచన పెద్ద ఉత్సవానికి వెళ్ళింది. కార్యదర్శి వెళ్ళాడు, ఆయన భార్య టీ చూసుకోవడానికి వెళ్ళింది, మైకు కొత్త కోటు కుట్టించుకుని వెళ్ళాడు. వాద్యాలు ఆగిన మరుక్షణం అతను కంచుకంఠంతో విరామం ప్రకటించాడు. అక్కడి శ్రోతలు సంగీతం బాగా తెలిసినవాళ్ళు కావడంతో, అదీ రచనలో భాగమేనని గ్రహించి ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు.