మా ఆయనలో నా వాటా

భర్త మొత్తం మనకే ఉండాలనుకోవడం పాతకాలపు ఆశ. ముక్కలు చేసి అమ్మితే తప్ప మనిషికి విలువ రాదు. నమ్మకం లేకపోతే మా ఆయన్ని చూడండి!

ఆయన ఉద్యోగం మానేసి, కుండీల్లో మొక్కలకు నీళ్ళు పోయమని గుర్తుచేసే యాప్ పెట్టారు. మా బాల్కనీలో మొక్కలు ఎప్పుడో ఎండిపోయాయి, అది వేరే సంగతి. ఒక పెద్దమనిషి వచ్చి యాభై లక్షలు పెట్టి కంపెనీలో ఐదోవంతు కొన్నాడు. ఇలాంటివాళ్ళని ఏంజెల్ అంటారట. ఐదోవంతుకి అంత ఇచ్చాడంటే, మొత్తం కంపెనీ విలువ దానికి ఐదింతలు. ఆ పూటే మేం కోటీశ్వరులమైపోయాం. ఆ కోట్లేవీ అని అడక్కండి. అది విలువ, డబ్బు కాదు. మా ఇంటి ఓనరుకే ఈ చిన్న తేడా ఇంకా తలకెక్కలేదు.

లాభమా? అదొక జబ్బు! కింద పోర్షన్లో కుట్టుమిషన్ అక్క నెలనెలా ఎంతో కొంత మిగుల్చుకుంటుంది, పాపం. అందుకే ఏ ఏంజెలూ ఆవిడ వైపు కన్నెత్తి చూడడు. మిగిలిందంటే ఎదగడానికి ఖర్చు పెట్టలేదని అర్థమట. మా ఆయన కంపెనీకి నష్టం పెరిగినకొద్దీ విలువా పెరిగింది. ఇదే సూత్రం నేను వంటింట్లో పాటిస్తే మాత్రం దుబారా అంటారు.

ఇక అసలు సంగతి. పెట్టుబడి వచ్చిన ప్రతిసారీ పాతవాళ్ళ వాటా పలచబడుతుంది. పాలల్లో నీళ్ళు కలిసినట్టన్నమాట. మొదటి విడతలో నా ఆదివారాలు పోయాయి. రెండో విడతలో కలిసి భోంచెయ్యడం పోయింది. ఇప్పుడు నాకు మిగిలింది స్నానానికీ చెప్పులకీ మధ్య కనిపించే మొగుడు. అయితేనేం, ఎంత ఖరీదైన మొగుడు!

కంపెనీలో పనిచేసేవాళ్ళకి వాటాలు నాలుగేళ్ళు ఓపిక పట్టాకే చేతికొస్తాయట. మా పాపకి మూడే నిండాయి. ఇంకో ఏడాది ఆగు, నాన్న చేతికొస్తాడని నచ్చజెబుతున్నాను.

ఇంతలో గురువారం గండం వచ్చిపడింది. పాపని బడిలో చేర్చడానికి ఇంటర్వ్యూ. తల్లీతండ్రీ ఇద్దరూ రావాలి, ఒక్కరొస్తే సీటు లేదన్నారు. నాకు అన్నం సయించడం మానేసింది. పదో తరగతి మధ్యలో పుస్తకాలు కట్టిపెట్టినదాన్ని, నన్నేమైనా అడిగితే? మా ఆయనేమో ఆ పొద్దున ఏంజెల్ గారితో మీటింగుందని, నన్నే ఎలాగో మేనేజ్ చెయ్యమన్నారు.

అదృష్టం బాగుండి ముందురోజు ఏంజెల్ గారే టీకి వచ్చారు. మాటల్లో ఒక షరతు గురించి చెప్పారు. ముందుగా నమ్మి పెట్టుబడి పెట్టినవాళ్ళు తమ వాటా పలచబడకుండా కాగితాల్లో రక్షణ రాయించుకుంటారట.

నేను ట్రే కింద పెట్టేశాను.

"ఈయన ఉద్యోగం మానేసినప్పుడు అందరికంటే ముందు నమ్మిందాన్ని నేనే కదండీ. నాకూ అది రాయించండి సార్."

ఆయన నవ్వారు. "నువ్వేం పెట్టావమ్మా?"

"గురువారం పొద్దున తప్ప అన్నీ పెట్టేశానండి. అదొక్కటీ పాప బడి ఇంటర్వ్యూకి కావాలి."

మా ఆయన టీకప్పులో ఏదో వెతుక్కున్నారు. ఏంజెల్ గారు ఫోన్ తీసి మీటింగు శుక్రవారానికి జరిపేశారు.

అలా బడికి వెళ్ళాం. హెడ్మిస్ట్రెస్ గారు నన్నొక్క ప్రశ్నా అడగలేదు. పాప గురించి చెప్పమని మా ఆయన్ని అడిగారు. ఆయన అలవాటుగా అందుకున్నారు. ప్రస్తుతానికి మాటలు తక్కువేనట, వచ్చే మూడేళ్ళలో పదింతలు అవుతాయట, ఇలాంటి పిల్ల మార్కెట్లో ఇంకొకతి లేదట!

ఆవిడ చివరిదాకా ఓపిగ్గా విన్నారు.

"సీటు ఇస్తాను బాబూ. ఒక్క షరతు. రోజూ బడి వదిలే వేళకి తండ్రే వచ్చి తీసుకెళ్ళాలి. తప్పితే సీటు వేరేవాళ్ళకి."

బేరమాడకుండా సంతకం పెట్టేశారు మా ఆయన. ఇప్పుడు రోజూ గేటు దగ్గర అందరికంటే ముందు ఆయనే ఉంటున్నారు.

పెళ్ళాన్ని కదా, ఇన్నేళ్ళూ నేను షరతేదీ పెట్టకుండా ఉత్తినే అడిగాను.