రెండు పుస్తకాల కౌగిలి

నేను చెప్పబోయేదాంట్లో ఆవగింజంత అబద్ధమున్నా, నాకు మిగిలిన మూడు పళ్ళూ ఇప్పుడే ఇక్కడే రాలిపోవాలి. కళ్ళారా చూసినవాళ్ళని నేను కళ్ళారా చూసినంత నిజం.

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఎంతనుకున్నావు, ఈ చివర ఎగిరిన కాకి ఆ చివరకు చేరేసరికి దాని మనవలకు పెళ్ళిళ్ళయిపోయేవి, అలాంటి అడవిలో ఒక సర్కారు కచేరీ ఉండేది. కచేరీ అంటే ఒక గుహ. గుహలో ఒక నాపరాయి. రాయి మీద రెండే పుస్తకాలు. ఎవరు ఎప్పుడు నీళ్ళు తాగాలో నీటి పుస్తకంలో, ఎవరు ఏ బొరియలో ఉండాలో బొరియల పుస్తకంలో.

నీటి వంతులు రాసేది ఎలుగుబంటి. బొరియలు రాసిచ్చేది కోతి. ఎవరు ఏ పని చెయ్యాలన్నా రెండు పుస్తకాలూ చేతిలో ఉండాలి. ఒకదాంట్లో రాయాలి, రెండోదాంట్లో సరిచూడాలి. పట్టిన పుస్తకం పని తేలేదాకా కింద పెట్టకూడదు. పెడితే శాఖ పరువు పోతుంది.

ఇద్దరి నెత్తి మీదా గోడకు చెరో మేకు, మేకుకు చెరో మోదుగాకు. పని ఎలా చెయ్యాలో దాని మీద రాసి ఉంటుంది. ఎలుగుబంటి ఆకు మీద "ముందు నీటి పుస్తకం పట్టు, తర్వాత బొరియల పుస్తకం" అని ఉంది. కోతి ఆకు మీద "ముందు బొరియల పుస్తకం పట్టు, తర్వాత నీటి పుస్తకం" అని ఉంది. వేరువేరు కాలాల్లో వేరువేరు పెద్దలు రాసిన ఆకులు. రెండూ పక్కపక్కన పెట్టి చదివిన పుణ్యాత్ముడు లేడు.

తొలకరికి ఇంకా పది రోజులుందనగా ఏదమ్మ అనే ముళ్ళపంది వచ్చింది. నిండు చూలాలు. పాత బొరియ కూలిపోయింది. తవ్వుకోలేక కాదమ్మా, అది తలుచుకుంటే పాతాళందాకా తవ్వగలదు. కానీ నంబరు లేని బొరియ కనబడితే పూడ్చెయ్యమని సింహం ఉత్తర్వు.

"కోతిబాబూ, వానల్లోపు నంబరిప్పించు నాయనా. పిల్లల్ని నీళ్ళలో కనలేను కదా!"

"ఎంతసేపమ్మా, చిటికెలో పని," అని కోతి బొరియల పుస్తకం చంకన పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఒక అడవిదున్న దాహమని వస్తే, ఎలుగుబంటి నీటి పుస్తకం గుండెకు హత్తుకున్నాడు.

"ఎలుగ్గారూ, ఆ నీటి పుస్తకం ఒకసారి ఇలా ఇవ్వండి."

"నా పని కాగానే ఇస్తా. ముందు నీ చంకలోది ఇటివ్వు."

"నా పని కాగానే ఇస్తా."

ఇద్దరూ మర్యాదస్తులే. ఒక్క మాట జారలేదు, ఒక్క పుస్తకం వదల్లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ అలా కూర్చుండిపోయారు. మూడో రోజుకి ఎలుగుబంటి గడ్డంలో పిచ్చుక గూడు పెట్టింది. బయట వరస కొండ దిగి, ఏరు దాటి, పక్క అడవిలోకి పోయింది. చివర నిలబడ్డవాళ్ళకి అది దేని వరసో కూడా తెలియదు.

సింహం పక్క అడవినుంచి నక్కను పిలిపించాడు. ఆగిపోయిన కచేరీలను నడిపించడంలో అందెవేసిన చెయ్యి అని పేరు. మంత్రి పదవి మీద కన్నుంది దానికి.

నక్క గుహ చుట్టూ ఏడుసార్లు తిరిగి, "అందర్నీ బయటికి పంపి మళ్ళీ లోపలికి పిలవండి," అంది.

పంపారు, పిలిచారు. వచ్చీ రాగానే ఎలుగుబంటి తలెత్తి ఆకు చూసి నీటి పుస్తకం పట్టాడు. కోతి తలెత్తి ఆకు చూసి బొరియల పుస్తకం పట్టాడు.

"అయితే వంద లెక్కపెట్టండి. రెండో పుస్తకం అందకపోతే చేతిలోది దింపెయ్యండి. ఇది నా ఉత్తర్వు కాబట్టి పరువుకేం లోటు లేదు," అంది నక్క.

ఇద్దరూ వంద లెక్కపెట్టారు. ఇద్దరూ ఒకేసారి దించారు. ఇద్దరూ ఒకేసారి ఎత్తారు. ధబ్, ధబ్, ధబ్. అడవంతా ఎవరింట్లోనో అటుకులు దంచుతున్నారనుకుంది. రెండు రోజులు దంచాక చేతులు పడిపోయి, ఎవరి పుస్తకం వాళ్ళు మళ్ళీ కౌగిలించుకుని కూర్చున్నారు.

ఏదమ్మ ఆ ఆకులు రెండూ చదివింది. పొద్దు పోవద్దూ మరి, తొమ్మిది రోజులు!

"బాబూ, నువ్వు కూడా ముందు నీటి పుస్తకమే పట్టుకోరాదూ? ఇద్దరిదీ ఒకటే వరసయితే ముందొచ్చినవాడు ముందు, వెనకొచ్చినవాడు వెనక. ఇంక తగువేముంది?"

కోతి మొహం కందగడ్డయింది. "బొరియల శాఖ వెళ్ళి నీటి శాఖ వెనక నిలబడాలా? మా ఆకు మీద ఏముందో అదే చేస్తాం!"

"ఆడవాళ్ళకి ఇలాంటివి అర్థం కావులే," అంది నక్క.

పదో రోజు పొద్దున్నే ఉరుము ఉరిమింది. ఏదమ్మకి నొప్పులు మొదలయ్యాయి. ఇంక ఎవర్నీ బతిమాలలేదు. మేకు కింద రాయెక్కి, కోతి ఆకు లాగి, నమిలి మింగేసింది. నక్క అప్పుడు కునుకు తీస్తోంది.

కోతి అలవాటుగా తలెత్తాడు. మేకు ఖాళీ. బిక్కమొహం వేశాడు. "ఎలుగ్గారూ, నా ఆకేదీ?"

"పోయినట్టుంది. ఆకు పోతే పక్క మేకు ఆకు చూసుకోవాలి కదయ్యా, పాత ఉత్తర్వు."

కోతి ఎలుగుబంటి ఆకు చదివాడు. "ముందు నీటి పుస్తకం... అయ్యో, ముందు పట్టాల్సింది ఇది కాదే!" అని చేతిలో ఉన్న బొరియల పుస్తకం రాయి మీద పెట్టేశాడు. ఎలుగుబంటి దాన్ని అందుకుని, దున్న పని రెండు నిమిషాల్లో ముగించి, రెండూ కింద పెట్టాడు. కోతి రెండూ వరసగా అందుకుని ఏదమ్మకి నంబరు రాసిచ్చాడు. అది పరుగెత్తి తవ్విన తవ్వుకి దుమ్ము లేచి సూర్యుడు తుమ్మాడు. మొదటి చినుకు పడేసరికి మూడు పిల్లలూ పొడినేల మీద ఉన్నాయి. బయట వరస పొద్దుగూకే లోపల అయిపోయింది.

సింహం పరుగున వచ్చాడు. "ఎవరి గొప్పయ్యా ఇది?"

నక్క ఒళ్ళు విరుచుకుని ముందుకొచ్చింది. "నాదే ప్రభూ. వేరెవరికి చేతనవుతుంది?"

"ఎలా చేశావు?"

నక్క అటూ ఇటూ చూసింది. ఖాళీ మేకు కనబడింది. "ఆ ఆకు తీసిపారేశాను ప్రభూ. రోగమంతా దాంట్లోనే ఉంది."

"కచేరీ ఆకు తీసిపారేశావా?" సింహం జూలు నిక్కబొడుచుకుంది. "మా తాతగారు రాసిన ఆకు!"

తీర్పు అప్పటికప్పుడే. కొత్త ఆకు దొరికేదాకా నక్కే ఆకు. తోకకు తాడు కట్టి మేకుకు తగిలించారు. తాతగారి మాట ఒక్కటి కూడా పొల్లుపోకుండా పొద్దస్తమానం అప్పజెప్పాలి: "ముందు బొరియల పుస్తకం పట్టు, తర్వాత నీటి పుస్తకం!"

కోతి తలెత్తి భక్తిగా విని బొరియల పుస్తకం పట్టాడు. ఎలుగుబంటి నీటి పుస్తకం పట్టాడు. ఈపాటికి ఎలుగుబంటి గడ్డంలో పిచ్చుకలు రెండోసారి గుడ్లు పెట్టి ఉంటాయి.

నీతి ఏమిటంటే, చిక్కు విప్పినవాళ్ళు సన్మానానికి ఆగకుండా ఇంటికి పోవాలి. సన్మానం విప్పనివాళ్ళకి వదిలెయ్యాలి.

ఊఁ, విన్నావుగా. ఇంక లే. పిండిమర దగ్గర నా సెనగపిండి డబ్బా రాత్రినుంచీ కూర్చుని ఉంది, వెళ్ళి తీసుకురా.