పుచ్చుకునే చెయ్యి

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. మిర్చి బస్తాలు లారీకెత్తించి గుంటూరు యార్డుకు బయలుదేరుతున్న పేరయ్య. ఆయనకు క్యారేజీ కడుతున్న భార్య నాగజ్యోతి. ఎవరు ఏ పని చేస్తున్నా అలా కాదని చెప్పడానికి అరుగు మీద కూర్చున్న పేరయ్య తల్లి సుబ్బరావమ్మ. కాయలు ఎత్తించడానికని వచ్చి, ఎత్తించేశాక కూడా కదలని నాగజ్యోతి తమ్ముడు కోటేష్. వీళ్లందరి మధ్యా నోరు తెరవడానికి సందు దొరకని పదో తరగతి అఖిల.

సందు దొరికినా అఖిల నోరు తెరిచేది కాదు. క్లాసులో హాజరు పలికితే ఆ గొంతు రెండో బెంచీ దాటేది కాదు. సాఫ్ట్‌బాల్ ఆటలో మాత్రం ఎటునుంచి వచ్చిన బంతయినా ఆ పిల్ల చేతిలోకే వచ్చి వాలేది. పట్టడం వరకే ఆ గొప్ప. తిరిగి విసరమంటే బంతి సగం దూరం వెళ్లి, ఎండకు సొమ్మసిల్లినట్టు కింద కూర్చునేది.

"పట్టడానికి నీకు వంద మార్కులు, విసరడానికి గుండుసున్నా" అనేది పీఈటీ కరీమున్ మేడమ్.

మర్నాడే వినుకొండలో జిల్లా జట్టుకు ఎంపికలు. స్కూల్లో ఉన్న గ్లవ్‌లన్నీ కుట్లూడిపోయాయి. ఎవరి గ్లవ్ వాళ్లే తెచ్చుకోవాలని, లేని పిల్లను తీసుకెళ్లనని మేడమ్ తేల్చి చెప్పేసింది. ఆ మాట అఖిల అమ్మ చెవిన వేసింది. అమ్మ నాన్న చెవిన వేసింది. నాన్న చెవిన పడ్డాక ఇక అది వీధి మొత్తానికీ తెలిసింది.

"గ్లవ్వంటే ఏ చేతికమ్మా?" అని అరిచాడు పేరయ్య.

అఖిల ఎడమచెయ్యి చూపించింది.

"ఎడమచేతికా!" అరుగు మీద సుబ్బరావమ్మ సర్దుకుని కూర్చుంది. "ఎదురొచ్చేదాన్ని ఎడమచేత్తో పుచ్చుకోవడం ఏ ఇంట్లో ఉందిరా? వదిలించుకునే పనులకేరా ఎడమచెయ్యి! చిన్నప్పుడు ఇది అన్నం ముద్దకీ పలకకీ ఎడమచెయ్యే చాస్తుంటే, ఆ చేతికి గుడ్డ చుట్టి మాన్పించింది ఎవరు? నేను! ఇప్పుడు డబ్బులు పోసి మళ్లీ నేర్పిస్తావంట్రా?"

"అత్తయ్య చెప్పింది కరెక్ట్ బావా" అన్నాడు కోటేష్. "నేను వీడియోలు చూశాగా. బంతిని కుడిచేత్తో పడితేనే పట్టుంటది. ఆ చేత్తోనే కోచ్‌కి ఒక టోపీ, ఒక విజిలూ పట్రా."

"కోచెవర్రా?"

"నేనే."

మధ్యాహ్నం కాయలు అమ్మేసి పేరయ్య ఆటసామాన్ల కొట్టుకు వెళ్లాడు. గ్లవ్‌ను మిరపకాయను చూసినట్టే చూశాడు. వాసన చూశాడు, వంచి చూశాడు, పైవి పక్కకు నెట్టి అడుగునున్నది లాగి చూశాడు. ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేశాడు. నాగజ్యోతి స్పీకర్ పెట్టింది.

"అమ్మా, కుడిచేత్తో విసిరే పిల్లకి ఎడమచేతి గ్లవ్వే ఇవ్వాలంటున్నాడు కొట్టాయన ఇలియాస్ గారు."

"ఆయన్ని మాట్లాడమను."

"నమస్తే అమ్మా. కుడిచేతికి తొడిగేది కూడా ఒకటుంది గానీ, అది ఎడమచేతివాటం వాళ్లదండి. ఒక్కసారి తీసుకెళ్తే వాపసు లేదండి."

"వాపసు ఎవడిస్తాడు నాయనా? మా పిల్లకి ఆ వాటం ఎప్పుడో వదిలించాను. నువ్వు కుడిచేతిదే ఇవ్వు."

ఫోన్ పక్కనే ఉన్న అఖిల, "అదీ..." అంది. ఆ మాట పెదవి దాటేలోపే నాయనమ్మ ఫోన్ పెట్టేసింది. అక్కడ గుంటూరులో, ఏళ్ల తరబడి దుమ్ము దులుపుతున్న సరుకుకు ఇన్నాళ్లకు మొగుడు దొరికినంత సంబరంతో ఇలియాస్ పేరయ్యకు టీ ఇప్పించాడు.

సాయంత్రం గ్లవ్ ఇంటికి వచ్చింది.

"బాగుందామ్మా?"

"బాగుంది నాన్నా" అంది అఖిల. లారీ దిగి, మొహం కూడా కడుక్కోకుండా నవ్వుతూ నిలబడ్డ మనిషితో ఇంకేమనగలదు?

తోలు బిరుసుగా ఉందని సుబ్బరావమ్మ గ్లవ్‌ను ఒళ్లో పెట్టుకుని, కొత్త చెప్పులకు పట్టించినట్టు లోపలా బయటా ఆముదం పట్టించింది. తెల్లారి లేచి, సరిగ్గా ఇంకలేదని మళ్లీ పట్టించింది.

మేడమ్ స్కూటీ వచ్చేలోపు శిక్షణ పూర్తి కావాలన్నాడు కోటేష్. టోపీ పెట్టుకుని, విజిల్ మెళ్లో వేసుకుని వీధిలోకి దిగాడు.

"చూడు అఖిలా, తేలిక. కుడిచేత్తో పడతావ్. గ్లవ్వుని చంకలో పెట్టి చెయ్యి లాగేస్తావ్. ఆ చేత్తోనే బంతి తీసి విసురుతావ్. రెడీయా?"

రెడీ అనడానికి గుర్తుగా గట్టిగా విజిల్ ఊదాడు.

ఆ ఊళ్లో పొద్దున్నే విజిల్ ఊదేది ఒకే ఒక్కరు, చెత్త రిక్షా అతను. విజిల్ వినగానే వీధిలో ప్రతి తలుపూ తెరుచుకుంది. ప్రతి ఇంట్లోంచీ ఒకరు బకెట్‌తో బయటికొచ్చారు. అందరికన్నా ముందు వచ్చింది ఎదురింటి మౌలాబీ.

"రిక్షా ఏది కోటేషూ? నువ్వెప్పుడు చేరావు ఈ పనిలో?"

"చెత్త కాదు పిన్నీ, కోచింగ్!"

"ఏదైతేనేం, వచ్చాం కదా, చూసే పోతాం" అని మౌలాబీ బకెట్ కింద పెట్టింది. మిగతావాళ్లూ పెట్టారు.

అంతమంది ముందు అఖిల గ్లవ్ కుడిచేతికి తొడుక్కుని నిలబడింది. కోటేష్ బంతి వేశాడు. పట్టింది. గ్లవ్‌ను చంకలో పెట్టి లాగింది. రెండు పూటల ఆముదం తాగిన గ్లవ్ చేతి నుంచి, చంక నుంచి ఒకేసారి జారి, చేపలా ఎగిరి మౌలాబీ బకెట్‌లో పడింది. బంతి కాళ్ల దగ్గర పడింది. సరిగ్గా అప్పుడే అసలు చెత్త రిక్షా వచ్చింది. జేబులో ఫోన్ పాటలు పాడుతుంటే అతను బకెట్లన్నీ చకచకా గుమ్మరించుకుని, ఎవరైనా నోరు తెరిచేలోపు తొక్కుకుంటూ వెళ్లిపోయాడు.

"నా సొమ్మురా! ఆపండ్రా!" అన్నాడు పేరయ్య అప్పుడే బయటికొచ్చి.

కోటేష్ పరుగెత్తాడు. పరుగెత్తుతూ, ఆపమని విజిల్ ఊదాడు. ఆ విజిల్‌కు పై వీధిలో తలుపులన్నీ తెరుచుకుని బకెట్లన్నీ రోడ్డు మీదికొచ్చాయి. కోటేష్ మొదటి బకెట్‌ను తప్పించుకుని రెండోదాంట్లో కాలేశాడు.

రిక్షా మలుపు దగ్గరికి వెళ్లిపోయింది. మలుపు దాటితే గ్లవ్ లేదు. గ్లవ్ లేకపోతే వినుకొండ లేదు. అఖిల అరిచింది. ఆ అరుపు పక్కనున్న మౌలాబీకి కూడా వినపడలేదు. వంగి బంతి తీసింది. ఆముదం చేతిలోంచి బంతి జారింది. మళ్లీ తీసింది, మళ్లీ జారింది. మూడోసారి ఏ చేత్తో తీసిందో ఆమెకే తెలియదు. బంతి బకెట్ల మీదుగా, తలల మీదుగా, కోటేష్ టోపీ మీదుగా గీత గీసినట్టు వెళ్లి రిక్షా ఇనప డబ్బాకు తగిలింది. ఆ మోతకు రిక్షా ఆగింది. వీధీ ఆగింది.

వీధి చివర స్కూటీ కూడా ఆగింది.

"అఖిలా!" అంటూ వచ్చింది కరీమున్ మేడమ్. "ఏ చేత్తో వేశావే అది?"

అఖిల ఎడమచెయ్యి వెనక్కి దాచుకుంది. "నాయనమ్మ చూస్తుంది మేడమ్."

చెత్తలోంచి తెచ్చిన గ్లవ్‌ను మేడమ్ దులిపి, అఖిల కుడిచేతికి తొడిగి చూసింది. "ఇన్నాళ్లూ నీకు తప్పు చేతికి తొడిగి తప్పు చేత్తో వేయించానన్నమాట. ఫస్ట్ బేస్ దగ్గర నిలబడి బంతులు పట్టడానికి ఎడమచేత్తో వేసే పిల్ల దొరికితే కళ్లకద్దుకుంటారే! అయినా ఇంత సరైన గ్లవ్ ఎవరు కొనమన్నారు?"

"నేనే!" అంది సుబ్బరావమ్మ ముందుకొచ్చి. అంతలోనే మొహం ముడిచింది. "కానీ విసిరేది ఎడమచేత్తోనంటే నేనొప్పుకోను."

వీధంతా అఖిల వైపు చూసింది. అంతమంది చూస్తుండగా ఆ పిల్ల గొంతు మొదటిసారి రెండో బెంచీ దాటింది.

"పుచ్చుకునేది కుడిచేత్తోనే నాయనమ్మా. వదిలించుకునేదే ఎడమచేత్తో. వదిలించుకునే పనులు ఎడమచేతివే అని నువ్వే చెప్పావుగా?"

మౌలాబీ పకపకా నవ్వి, "పిల్లకి సమాధానం చెప్పు సుబ్బరావమ్మక్కా" అంది. ఆ లోపు అఖిలను ఎక్కించుకుని స్కూటీ వెళ్లిపోయింది.

సాయంత్రం అఖిల జిల్లా జట్టు ఫస్ట్ బేస్ అయి తిరిగొచ్చింది. గ్లవ్ ఇంకా చేతికే ఉంది. తియ్యబుద్ధి కాలేదు. గుమ్మంలో నాయనమ్మ ఎదురైతే, ఖాళీగా ఉన్న చేత్తో జాంగ్రీ పొట్లం చాచింది.

సుబ్బరావమ్మ పొట్లాన్ని చూసింది, అది పట్టుకున్న ఎడమచేతిని చూసింది. పొట్లం లాక్కుంది.

"శుభమా అని ఇచ్చేది కుడిచేత్తో ఇవ్వడం వచ్చాక లోపలికి రా!" అని అఖిల మొహం మీదే తలుపేసింది.

కుడిచేతిలో జాంగ్రీ ఉంది కాబట్టి, తలుపు ఆవిడ ఎడమచేత్తోనే వేసింది.