పైకెక్కిన అడుగు బరువు

ఆ ఉదయం పడవ నడిపే సరంగు పెట్టుకున్న పని ఒక్కటే. పదింటికి తనిఖీ అధికారి వచ్చేలోగా పడవ అడుగున ఉన్న అర లోపలంతా తెల్లరంగు వేసి మెరిపించాలి. అనుమతి కాగితం గడువు ఆ రోజుతో సరి. అధికారి సంతకం పెట్టకపోతే పడవ రేవులోనే ఉంటుంది, ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. ఈ సంగతంతా తర్వాత నలుగురికీ చెప్పుకున్నది సరంగే కాబట్టి, ఇందులో కోతలేమైనా ఉంటే వాటి బాధ్యత ఆయనదే.

రంగు వేయాలంటే పడవ నిలకడ కోసం అడుగున పరిచిన ఇసుక బస్తాలు తీయాలి. రేవులో పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని ఇరవై బస్తాలూ పడవ పైకప్పు మీద పేర్చాడు. రంగు వేయడం అయింది గానీ ఆరలేదు. అధికారి మాత్రం తొమ్మిదిన్నరకే దిగబడ్డాడు.

పడవ మెకానిక్ సరంగు అల్లుడే. ఒరిగితే మోగే గంట, రెండు పక్కలా నీళ్లు చొరకుండా మూతలు బిగించిన ఖాళీ పీపాలు అమర్చింది అతనే. పడవ చంకల్లో బుడగలు కట్టావా అని సరంగు ఏడాదిగా ఎగతాళి చేస్తున్నాడు. గంట చిన్న అలకే మోగి కునుకు చెడగొడుతోందని దాని నాలుకకు తువ్వాలు చుట్టేశాడు.

"మామయ్యా, బస్తాలు కిందికి దించుదాం. పైన బరువుంటే పడవ నిలబడదు," అన్నాడు అల్లుడు గొంతు తగ్గించి.

"రంగు తడిగా ఉందయ్యా. నలభై ఏళ్ల అనుభవం నాది. పడవ నా మాట వింటుంది."

తనిఖీ కోసం అధికారితో పాటు ముప్పై మంది ప్రయాణికులను ఎక్కించుకుని పడవ బయల్దేరింది. నది మధ్యకు రాగానే, నీళ్లు ఎంతవరకు రావచ్చో తెలిపే గీత కోసం అధికారి కుడి అంచు మీంచి తొంగి చూశాడు. అంత శ్రద్ధగా చూస్తున్నాడంటే మొసలే అయి ఉంటుందని ఒక దర్జీ పక్కవాడితో అన్నాడు. ఆ మాట పడవ చివరికి చేరేసరికి మొసళ్లు రెండయ్యాయి. అందరూ చూడటానికి కుడివైపుకు ఎగబడ్డారు. పడవ ఒరిగింది. గంట మోగలేదు.

సరంగు అందరినీ ఎడమకు పొమ్మని కేకేశాడు. ఒక్కరు మిగలకుండా పోయారు. ఇంతటి విధేయత ఆయన సొంత ఇంట్లో కూడా ఎరగడు. పడవ ఈసారి ఎడమకు ఇంకా ఎక్కువ ఒరిగింది. పైనున్న బస్తాలు కూడా అటే జారాయి. తూలిపడుతూ సరంగు చేతికందినదాన్ని పట్టుకున్నాడు. అది తువ్వాలు. ఊడి చేతికొచ్చింది. గంట గణగణ అందుకుంది.

నీళ్లు అంచు దాకా వచ్చాయి. అప్పుడు ఎడమవైపు పీపాలు నీట మునిగి, ఇక కిందికి పోనిచ్చేది లేదన్నట్టు పడవను ఎత్తిపట్టాయి. అంతలో కప్పు అంచున చెక్క విరిగి బస్తాలన్నీ నదిలో పడ్డాయి. పైబరువు పోయిన పడవ నెమ్మదిగా నిటారయింది. ఎక్కడివాళ్లు అక్కడే కూర్చోమన్నాడు అల్లుడు. కూర్చున్నారు.

అధికారి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఈ పీపాలు ఎవరు పెట్టారు?"

"మా అల్లుడండీ."

"ఆ తువ్వాలు?"

సరంగు చేతిలోని తువ్వాలును మడిచి భుజాన వేసుకుని, తనదేనని ఒప్పుకున్నాడు.

"పడవకు అనుమతి ఇస్తున్నాను. నడిపేది మాత్రం మీ అల్లుడు. మీరు ఆరు నెలలు అతని దగ్గర పని నేర్చుకోండి," అని అధికారి సంతకం పెట్టాడు.

అడుగున బరువు లేనిదే తిరిగి వెళ్లడం మంచిది కాదని, లావుపాటివాళ్లు కొందరు అరలోకి దిగాలని అల్లుడు అన్నాడు. తాము లావని ఒక్కరూ ఒప్పుకోలేదు. అల్లుడు మామ వైపు చూశాడు. నూట పది కిలోల మామ ముందు దిగి, తడి రంగులో చతికిలబడ్డాడు. ఆయన్ని చూసి ఇంకో ఏడుగురు దిగారు.

నలభై ఏళ్ల అనుభవం ఆ పడవకు నిలకడ ఇవ్వడం అదే మొదటిసారి.